మన కొంగలు సైబీరియావి కావు: తేలినీలాపురం, తేలుకుంచి పక్షులపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో పక్షుల ఊళ్లంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. రెండుచోట్లా గూళ్లు ఊరి మధ్యే, ఇళ్ల పక్కనున్న చెట్ల మీదే ఉంటాయి. ఈ పక్షుల కోసం ఊళ్లవాళ్లతో కలిసి పనిచేస్తుంటాను. ఎక్కడికెళ్లినా వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇవి సైబీరియా నుంచి వచ్చే విదేశీ పక్షులు.

కావు. సైబీరియా వైపు నుంచి వచ్చేవి మనకు వేరే ఉన్నాయి. చలికాలంలో తీరంలోని చిత్తడి నేలల్లో దిగే ఉల్లంకులు (నీటి ఒడ్డున తిరిగే చిన్న పక్షులు), కొన్ని రకాల బాతులు అలాంటివి. అవి ఇక్కడ గూడు కట్టవు. తేలినీలాపురానికి సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వచ్చి ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయే గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ బతికేవే. వానలు మొదలవగానే తేలుకుంచి చేరే నత్తగుల్ల కొంగలూ (ఓపెన్‌బిల్ స్టార్క్‌లు) అంతే. గుడ్లు ఇక్కడే పెడతాయి, పిల్లలు ఇక్కడే పుడతాయి. విదేశీవని అనుకుంటే, ఇక్కడ ఏం జరిగినా వాటికి వేరే సొంతూరు ఉందిలే అన్న ధీమా వస్తుంది. నాకు బెంగంతా ఆ ధీమా గురించే.

అపోహ: నత్తగుల్ల కొంగలు వరి పాడుచేస్తాయి.

దాని ముక్కును దగ్గర్నుంచి చూడండి. మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పొలంలో నత్త దొరికితే గుల్లను ముక్కు కొనతో నేలకు అదిమిపట్టి, మూత దగ్గర కండను తెంపి, లోపలి మాంసాన్ని బయటకు లాగేస్తుంది. తిండిలో ఎక్కువ భాగం నత్తలే. వరిగింజల జోలికి రాదు. కొత్త నాట్లలో గుంపుగా దిగితే నాలుగు మొక్కలు తొక్కుతుంది, అది నిజమే. కానీ నత్తలు చావాలని చల్లే మందు కొంగనూ వదలదు.

అపోహ: ఊళ్లో చెట్లను కాపాడితే చాలు.

నా పనిలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. చెట్టు మీద గూడు ఉంటుంది గానీ, తిండి బీలలు, తంపరలు అని మనం పిలిచే చిత్తడి నేలల్లో ఉంటుంది. తేలినీలాపురం పక్షులకు నౌపడా తంపర, ఉప్పుమడుల చుట్టుపక్కల నీళ్లే వంటిల్లు. ఎర్రకాళ్ల కొంగ వేటాడే తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. తక్కువ లోతు నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీటిలో అటూ ఇటూ ఊపుతూ, కాలితో బురద కదుపుతుంది. చేప ముక్కుకు తగిలిన క్షణమే మూసేస్తుంది. కంటితో వెతికే పని తక్కువ. అదే నేలను లోతుగా తవ్వి రొయ్యల చెరువు చేస్తే ఆ పక్షికి అక్కడ నిలబడే చోటే లేదు. మట్టి పోసి చదును చేస్తే అసలే లేదు.

2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చనిపోయినప్పుడు చాలామంది బర్డ్ ఫ్లూ అని టెన్షన్ పడ్డారు. పరీక్షల్లో కనిపించింది పొట్టలోని పరాన్నజీవి పురుగులు. అలాంటి పురుగులు పక్షులు తినే చేపల ద్వారానే వాటి లోపలికి చేరతాయి. అంటే మళ్లీ నీటి దగ్గరికే వస్తాం.

సోంపేట బీల కోసం జనం ఎంత పోరాడారో జిల్లాలో అందరికీ తెలుసు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ బీలలో కట్టాలనుకున్న థర్మల్ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి కూడా ఆ రోజే రద్దయింది. ఆ రైతులు, మత్స్యకారులు తమ నీళ్ల కోసమే నిలబడ్డారు. ఆ నీళ్ల మీదే పక్షులూ బతుకుతున్నాయి.

చెట్ల సంగతి కూడా తేలిక కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకూల్చినప్పుడు తేలుకుంచిలో గూళ్లున్న చెట్లూ పడిపోయాయి. రెట్ట ఎక్కువగా పడే ముసలి చెట్లు ఎలాగూ నీరసిస్తాయి. గూడు నిలిచేంత కొమ్మ రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి మొక్క ఇప్పుడే నాటాలి.

అపోహ: మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదు.

మన వాసన తగిలిందని తల్లి పిల్లను వదిలేయదు. కిందపడిన పిల్లను ముందు కుక్కల నుంచి కాపాడండి. నీడలో ఉంచి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: పక్షుల పేరు చెప్పి సర్కారు భూములు లాక్కుంటుంది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు, కొట్టిపారేయను. అయితే వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణలో కమ్యూనిటీ రిజర్వు అనే పద్ధతి ఉంది. భూమి ఇచ్చేది జనమే, తమ ఇష్టంతోనే. యాజమాన్యం మారదు. ఊరివాళ్లతో కూడిన కమిటీ దాన్ని చూసుకుంటుంది. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు ఇలాంటిదే, అక్కడా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలే. ఒక షరతు మాత్రం ముందే చెప్పాలి. ఆ తర్వాత భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. గ్రామసభలో ఈ షరతును దాచి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. మొదటి రోజే చదివి వినిపించి, ప్రశ్నలన్నీ అయ్యాకే సంతకాల మాట ఎత్తాలి.