నాన్న వీపు, అమ్మ సంచి

గుంటూరు, బ్రాడీపేట

చిన్నారులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న బెజవాడలో అమ్మవారి కొండ మెట్ల మీద, తల్లి పొట్టను కరచుకున్న కోతిపిల్లను చూశాం కదా. రాత్రిపూట తిరిగే కోతులు ఉంటాయా అని పెద్దది అడిగింది. చిన్న కంగారూ లాంటి వాలబీకి ఉన్నట్టు కోతికీ సంచి ఉంటే బాగుండేది కదా అని చిన్నది అంది. మెట్లెక్కే ఆయాసంలో అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

ఉంటాయి. పనామా నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం దాకా ఉన్న అడవుల్లో కిలో బరువుండే రాత్రి కోతులున్నాయి. గుడ్లగూబలా కూస్తాయి. లోరిస్ అనే మన దేవాంగ పిల్లి కూడా రాత్రే తిరుగుతుంది, కానీ అది కోతి కాదు. టార్చి వేస్తే దాని కళ్లు మెరుస్తాయి, లోపల అద్దం లాంటి పొర ఉంటుంది మరి. రాత్రి కోతికి ఆ పొర లేదు. దాని పూర్వీకులు పగటి జీవులు. పొర పోయాక వంశం మళ్లీ చీకటికి మళ్లింది. అందుకే కళ్లే అంత పెద్దవయ్యాయి.

ఇక సంచి సంగతి. మన పెద్దలు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు చెప్పేవారు. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకుంటుంది. పిల్లికూనను మాత్రం తల్లే నోట కరచుకుని మోస్తుంది. రాత్రి కోతి పిల్ల కూడా పట్టుకునేదే, అయితే తల్లిని కాదు, తండ్రిని! పుట్టిన కొద్ది రోజులకే తండ్రి వీపెక్కుతుంది. పాలకు మాత్రం తల్లి దగ్గరికి వెళ్తుంది, తాగడం అయిపోగానే మళ్లీ నాన్న మీదికే.

ఆస్ట్రేలియా వాలబీ ఏ న్యాయానికి చెందుతుందో తేల్చడం కష్టం. కడుపులో సుమారు నెల రోజులే ఉండి, గ్రాము బరువైనా లేకుండా పుడుతుంది. కళ్లు తెరవదు, వెనక కాళ్లింకా మొగ్గలే. అయినా ముందు కాళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని, తనంతట తానే సంచిలోకి పాకుతుంది. అంతవరకు కోతిపిల్ల. చనుమొన నోట పట్టాక నెలల తరబడి కదలక్కర్లేదు, తల్లి గెంతుతూ మోస్తుంది. అక్కడి నుంచి పిల్లికూన! పెద్ద పిల్ల బయట గెంతుతుండగా సంచిలో పసికూన ఉంటే, తల్లి ఒక్కో చనులో ఒక్కో రకం పాలిస్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా వింత.

ఈ ఉత్తరం మీ నాన్నకూ చదివి వినిపించండి. మొన్న చిన్నదాన్ని ఎత్తుకుని పది మెట్లెక్కేసరికే వాడు కూలబడ్డాడు.

మీ తాతయ్య