పిల్లల కడుపునొప్పి అంతా గ్యాసేనా? కడుపు క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇంటర్ చదివే పిల్లలకు కడుపు క్యాన్సరేంటి?

వాస్తవం: చాలా చాలా అరుదు. పరీక్షల టెన్షన్, మానేసిన టిఫిన్, వేళ తప్పిన మెస్ భోజనం... ఈ వయసు కడుపునొప్పులకు ఎక్కువగా ఇలాంటివే కారణం. కాబట్టి ప్రతి నొప్పికీ హడలిపోకండి. కానీ అరుదుగా వచ్చినప్పుడు మాత్రం తరచూ ముదిరాకే బయటపడుతుంది. 'ఈ వయసులో ఎందుకొస్తుంది' అని ఇంట్లోవాళ్లూ, కొన్నిసార్లు మా డాక్టర్లమూ అనుకోవడం దానికి ఒక కారణం. పైగా పిల్లల్లో ఎక్కువగా కనిపించేది గడ్డలా తేలకుండా కడుపు గోడలోనే పాకే రకం. గోడ బిగుసుకుపోయి సాగదు. అందుకే నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది.

అపోహ: గ్యాస్ గోలీతో తగ్గిందంటే అది గ్యాసే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాటకే. హాస్టల్ కింద మెడికల్ షాపులో చీటీ లేకుండానే పాంటాప్రజోల్ స్ట్రిప్ కొనుక్కుని నెలల తరబడి మింగే పిల్లలున్నారు. అది యాసిడ్ తగ్గిస్తుంది. దాంతో క్యాన్సర్ పుండు కూడా పైపైన మానినట్టు అనిపించవచ్చు, నొప్పీ తగ్గవచ్చు. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఓపీలో నేను అడిగేవి ఇవి: బరువు తగ్గి ప్యాంటు వదులైందా? నిద్రలో నొప్పికి లేస్తున్నావా? వాంతిలో రక్తం పడిందా? మలం తారులా నల్లగా వస్తోందా? ఈ చివరి ప్రశ్నకు అమ్మ ముందు పిల్లలు నోరు విప్పరు, కాసేపు ఆమెను బయట కూర్చోమంటాను. (కడుపులో రక్తం కారితే మలం ఇలా వస్తుంది. ఐరన్ మాత్రలు వాడినా నల్లబడుతుంది, అదీ అడగాలి.) ఆడపిల్లకు రక్తం తక్కువుంటే నెలసరి వల్లేనని వదిలేస్తారు. ఐరన్ వాడినా పెరగకపోతే రక్తం ఎక్కడ పోతోందో చూడాల్సిందే.

అపోహ: కారం, మిర్చి బజ్జీల వల్ల వస్తుంది.

వాస్తవం: కారంతో మంట పెరగవచ్చు, క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు. పొగాకు, అతి ఉప్పు, హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాతో ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లోనే ఈ బాక్టీరియాను క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఇది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు, ఉందని తేలితే మందులతో పోగొట్టవచ్చు. కొన్ని కుటుంబాల్లో సీడీహెచ్1 అనే జన్యువులో లోపం తరతరాలుగా వస్తుంది. మేనమామకో పిన్నికో చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

అపోహ: పరీక్షకని ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: ఎండోస్కోపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) బయాప్సీ, అంటే చిన్న ముక్క, తీయడం వల్ల పాకదు. తీయకపోతే అసలు జబ్బేమిటో తేలదు. గోడలో పాకే రకంలో పైపొర మామూలుగా కనిపించవచ్చు, అందుకే చాలాచోట్ల ముక్కలు తీస్తాం. క్యాన్సరని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్సలూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఇన్నాళ్లూ మింగిన గోలీల స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.