ఫ్లెమింగో పండుగ: వేదిక లేని నాలుగు జనవరులు

సంక్రాంతి నెల వచ్చిందంటే సూళ్లూరుపేటలో పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. పక్షుల పండుగకు పిలవాల్సింది సినిమా పాటలు పాడేవాళ్లనా, పక్షుల సంగతి చెప్పేవాళ్లనా? చూడ్డానికి డబ్బులు కట్టనక్కర్లేని పండుగ కదా, ప్రభుత్వ సొమ్ము దేనికెంత పోతోందన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది.

2001లో పండుగ ఎలా మొదలైందో ఇప్పటికే చాలామంది రాశారు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే, ఆగిపోక ముందు చివరి పండుగ జరిగిన 2020 జనవరి తర్వాతి కాలం చూడాలి. మొదట కరోనా ఆపింది. కరోనా తగ్గాక కూడా షామియానాలు లేవలేదు. ఈలోగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సూళ్లూరుపేట, దొరవారిసత్రం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి. పండుగ నడిపిన అనుభవం ఒక జిల్లా కార్యాలయాల్లో ఉండిపోయింది, పక్షులున్న ఊళ్లు ఇంకో జిల్లాలో చేరాయి. 2021 నుంచి 2024 దాకా పాటా లేదు, స్టాలూ లేదు.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు (పెలికాన్లు) మాత్రం ఎవరి జీవో కోసమూ ఆగలేదు. ఈశాన్య వానలకు చెరువు నిండగానే దిగుతాయి, నీళ్లలో మునిగి నిలబడ్డ చెట్ల మీద పుల్లలు పేర్చుకుంటాయి. జనవరికి గూళ్లలో పిల్లలుంటాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూర్చి చేప లాక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందనుకుంటారు. పక్షుల రెట్టంతా చెరువులో కలుస్తుంది, ఆ నీళ్లు పారిన మడికి ఎరువు తక్కువ పడుతుందని రైతుల లెక్క. పక్షులొస్తే వానలు బాగుంటాయన్న నమ్మకం సరేసరి. 1976లో అభయారణ్యం అని ప్రకటించక ముందే ఊరివాళ్లు వాటిని కాచుకున్నారంటే కారణం ఇదే. వాళ్లు చేసిన ఈ పనికి ఏ వేదికా అక్కర్లేకపోయింది. పండుగ ఆగిన ఏళ్లు తేల్చింది నా దృష్టిలో ఇదే.

అసలు పేరులోనే ఒక తిరకాసు ఉంది. ఫ్లెమింగోలు నేలపట్టులో గూళ్లు కట్టవు. పులికాట్ సరస్సులో లోతు లేని ఉప్పునీళ్లలో మేతకు వస్తాయి, గుడ్లు పెట్టేది గుజరాత్‌లో కచ్ రణ్ వైపు. పిల్లల్ని ఇక్కడ పెంచేది గూడబాతు, బ్యానర్ మీద బొమ్మ ఫ్లెమింగోది! వాటిని చూడ్డానికి మనం కార్లు ఆపేది శ్రీహరికోట రోడ్డు మీద. సరస్సుకు అడ్డంగా కట్ట పోసి వేసిన ఆ రోడ్డే ఉత్తరం వైపు నీటి రాకపోకలకు అడ్డం. సముద్రం నుంచి నీళ్లొచ్చే ముఖద్వారం పూడిపోయి చేపలు తగ్గాయని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ మాట రాత్రి వేదిక మీద పెద్దగా వినపడదు.

పేట వ్యాపారుల వాదనా ఉంది. ఆ మూడు రోజులు లాడ్జీలు నిండుతాయి, టిఫిన్ బండ్లకు గిరాకీ, బడిపిల్లలు స్టేజీ ఎక్కుతారు. టికెట్టు కొని కచేరీకి వెళ్లలేని ఇంటికి ఇది పెద్ద సంబరమే. కాదనలేం.

2025 జనవరి 18 నుంచి 20 దాకా పండుగ తిరిగొచ్చింది. నేలపట్టు, భీములవారిపాలెం, అటకానితిప్ప, శ్రీసిటీ, సూళ్లూరుపేట అని ఐదు చోట్ల పంచారు. పగలు పడవ షికార్లు, పక్షులు. రాత్రి పేటలో పాటలు. పేటలో మూడో రాత్రి పాట అయిపోగానే కుర్చీలు లారీ ఎక్కుతాయి. నేలపట్టులో గూళ్లు ఖాళీ అవడానికి మార్చి దాటాలి.