మాట్లాడే కంప్యూటర్‌కు లక్ష రూపాయలా? అపోహలు - వాస్తవాలు

కోవూరు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు తన కొడుకును, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే నెల్లూరులోని మా శిక్షణ గదికి తీసుకొచ్చారు. అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు, ఇంటర్ పూర్తయింది. కుర్చీలో కూర్చోకముందే ఆయన అడిగిన మాట: "సార్, ఆ మాట్లాడే సాఫ్ట్‌వేర్‌కు లక్ష దాకా అవుతుందట కదా. ఈసారి వడ్లు అమ్మిన డబ్బంతా పక్కన పెట్టాను."

ఆ ధర ఆయనకు ఒక కంప్యూటర్ దుకాణంలో చెప్పారట. నేనూ చూపు లేనివాణ్నే. ఇలాంటి మాటలు వింటే ముందు కోపం వస్తుంది, తరువాత ఓపిక తెచ్చుకోవాలి.

అపోహ: స్క్రీన్ రీడర్ కొనాలంటే లక్ష కావాలి.

తెరమీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌నే స్క్రీన్ రీడర్ అంటారు. వాటిలో ఎన్‌వీడీఏ అనేదానికి సున్నా రూపాయలు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దాన్ని 2006లో రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అంధ బాలల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే తరువాత తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. కంప్యూటర్ కన్నా దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ డబ్బు పోయాల్సి రావడం ఏమిటన్నదే వాళ్ల బాధ. ఆ అబ్బాయి కోసం దాన్ని ఇంటర్నెట్ నుంచి దించి, కంప్యూటర్‌లో వేసేసరికి నా టీ ఇంకా వేడిగానే ఉంది.

దుకాణదారు చెప్పినది పూర్తిగా అబద్ధం కూడా కాదు. 1989లో, విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలంలోనే వచ్చిన జాస్ అనే స్క్రీన్ రీడర్ శాశ్వత లైసెన్సు చాలాకాలం వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటూ వచ్చింది. అమెరికాలో ఆ బిల్లును చాలావరకు యజమానో ప్రభుత్వ సంస్థో కడుతుంది. మన దగ్గర వడ్ల డబ్బు కట్టాల్సి వస్తోంది. ఆఫీసులోని ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను సరిగ్గా చదివేలా స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, రాయించుకోవాల్సిన ఉద్యోగంలో జాస్ నిజంగా అక్కరకొస్తుంది. అప్పుడు కూడా డబ్బు ఉద్యోగి జేబులోంచి ఎందుకు పోవాలి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు తగిన సదుపాయాలు కల్పించాలి. ఉద్యోగంలో చేరగానే అర్జీ పెట్టండి.

అపోహ: ఉచితంగా వచ్చేది నాసిరకం.

వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను అడిగి చేసిన, 2024 ఆరంభంలో వెలువడిన సర్వేలో, సాధారణంగా ఏవేవి వాడతారని అడిగితే నూటికి 65 మందికి పైగా ఎన్‌వీడీఏ పేరు చెప్పారు, 60 మంది జాస్ పేరు చెప్పారు. రెండూ వాడేవాళ్లు చాలామందే. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుందని మొదటి వారం అందరూ విసుక్కుంటారు. నెల తిరిగేసరికి వేగం పెంచుకుని, ఇంకెవరికీ అర్థం కానంత జోరుగా వింటారు.

అపోహ: దొంగ కాపీ వేసుకుంటే ఏ గొడవా లేదు.

ఉచితంగా మంచిది దొరుకుతుంటే దొంగతనం ఎందుకు? జాస్ నేర్చుకోవాలని ఉంటే లైసెన్సు లేకుండానే ఒక్కో విడతకు నలభై నిమిషాలు నడుస్తుంది. ఆ తరువాత కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. సాధనకు అది చాలు.

అపోహ: ప్రత్యేక కంప్యూటర్, బ్రెయిలీ కీబోర్డు కావాలి.

అక్కర్లేదు. మామూలు కీబోర్డు మీద ఎఫ్, జె మీటలపై చిన్న గీతలు వేలికి తగులుతాయి, అవే మాకు మైలురాళ్లు. ఎన్‌వీడీఏను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ట్రంకు రోడ్డులోని నెట్ సెంటర్‌లో నడిపిన విద్యార్థులు నాకు ఉన్నారు. అక్షరాలు చేతికి తగిలేలా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే మాత్రం ఖరీదైనదే, కానీ మొదలుపెట్టడానికి అది అవసరం లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, తెలుగంతా చదివేస్తుంది.

అసలు ఖర్చు దాక్కున్నది ఇక్కడ. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి అనూ ఫాంట్లతో టైపు చేశారు. తెరమీద 'నెల్లూరు' అని ముచ్చటగా కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉంటాయి. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన నోట్సు తెరిస్తే ఆ అబ్బాయికి పావుగంట పాటు కామాలు, బ్రాకెట్లు వినిపించాయి. లక్ష పెట్టి కొన్న జాస్ అయినా ఇంతకన్నా ఏమీ చేయలేదు. పుస్తకాన్ని ఫోటో తీసి పీడీఎఫ్ చేసినదైతే ఇంకా నయం, మౌనంగా ఉంటుంది.

అందుకే ప్రింటు కాగితమో పీడీఎఫో కాకుండా టైపు చేసిన అసలు ఫైలు అడగండి. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఫైలు లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోటో పీడీఎఫ్‌ను ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో, అక్షరాలుగా మార్చవచ్చు. రెండింటిలోనూ ఒత్తులు, గుణింతాల దగ్గర తప్పులు పడతాయి. చూపున్న మనిషి ఒకరు కూర్చుని సరిచూడాలి. ఒక చరిత్ర పుస్తకానికి మా దగ్గర ఇద్దరికి మూడు వారాలు పట్టింది.

కోవూరు రైతు దాచిన డబ్బులో కొంత సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌కు, కొంచెం మంచి ఇయర్‌ఫోన్లకు పోయింది. మిగిలినది ఇప్పుడు పేజీకి ఇంత అని లెక్కకట్టి, ఆ అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకాలను యూనికోడ్‌లో టైపు చేస్తున్న పక్కింటి అమ్మాయికి ఇస్తున్నారు.