బూడిద మాలుకు నానో ఎందుకు కావాల్సి వచ్చింది

పాత మద్రాసు ఇళ్ల గోడ మీద అరచెయ్యి పెడితే పాలరాయిలా చల్లగా, నున్నగా తగులుతుంది. గుల్ల సున్నాన్ని గానుగలో నూరి, బెల్లం నీళ్లో కరక్కాయ రసమో కలిపేవాళ్లు. పై పూతకైతే కోడిగుడ్డు తెల్లసొన. సున్నంతో పోలిస్తే వీటి పాలు చాలా తక్కువ, కానీ మాలు ఎలా నడుచుకోవాలో తేల్చేవి అవే. సిమెంటు బదులు బూడిదతో చేసే మాలులో చిటికెడు కలిపే అతిసన్నని సిలికా పొడి, అంటే నానో సిలికా గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ గోడల సంగతే చెబుతాను.

ఆ గుల్లలతోనే 1904లో మద్రాసులో దేశంలోకెల్లా తొలి సిమెంటు చేశారు. తర్వాత సున్నపురాయి వచ్చింది, గానుగలు మూలపడ్డాయి. సిమెంటుకు రాయిని దాదాపు 1450 డిగ్రీల దాకా కాల్చాలి. బొగ్గు పొగ ఒక ఎత్తయితే, రాయిలోంచే బయటపడే కార్బన్ డయాక్సైడ్ అంతకంటే ఎక్కువ. ప్రపంచం మొత్తం వదిలే దాంట్లో 7, 8 శాతం సిమెంటుదే.

సిమెంటు లేకుండా కట్టాలన్న ఆలోచన నిన్నటిది కాదు. 1940లో బెల్జియంలో పర్డన్ ఇనుప కొలిమిలో మిగిలే చిట్టానికి కాస్టిక్ సోడా లాంటి క్షారం కలిపి గట్టిపరిచాడు. 1957లో కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ అదే దారి పట్టాడు. ఫ్రాన్స్‌లో వరస అగ్నిప్రమాదాల తర్వాత కాలని పదార్థం కోసం వెతికిన జోసెఫ్ డేవిడోవిట్స్, 1978లో ఇలా క్షారంతో గట్టిపడే పదార్థానికి 'జియోపాలిమర్' అని పేరు పెట్టాడు. ఆయన వాడింది కాల్చిన బంకమట్టి. థర్మల్ ప్లాంట్ల బూడిద తర్వాత వచ్చి చేరింది.

చెన్నైకి ఆ బూడిద కొరత లేదు. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. థర్మల్ ప్లాంట్లున్న ఎన్నూర్ ఉప్పుటేరు ఒడ్డున ఉండేవాళ్లకు అది ఎక్కడెక్కడ పేరుకుందో బాగా తెలుసు. బూడిదను వాడితీరాలని కేంద్రం 1999లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2021 చివర్లో నూటికి నూరు శాతం అంది. తరమణిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ కట్టడాల పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-ఎస్‌ఈఆర్‌సీలో జియోపాలిమర్ కాంక్రీట్ మీద పరిశోధన జరిగింది. దీనికి నీళ్లతో తడపాల్సిన పని కూడా లేదు. 2019 ఎండల్లో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ ఊరికి అదేం చిన్న మాట కాదు.

మరి మేస్త్రి చేతికి ఎందుకు రాలేదు? చిక్కంతా వేడి దగ్గరే. సున్నం తక్కువున్న బూడిద త్వరగా గట్టిపడాలంటే 60, 80 డిగ్రీల్లో ఒక రోజు ఉంచాలి. ఫ్యాక్టరీలో బ్లాకుల్ని ఉంచొచ్చు. 2020లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ సరుకుకే. గోడను ఏ ఓవెన్‌లో పెడతాం?

మాధవరం దగ్గర ఒక చిన్న ప్రహరీకి మేం ప్రయత్నించాం. కాస్టిక్ సోడా నీళ్లలో వేయగానే బకెట్ చెయ్యి పెట్టలేనంత కాలింది. చల్లారనిచ్చి మర్నాడు కలిపాం. శ్రీకాకుళం మేస్త్రి తాపీ ఎత్తి చూసి, "ఇది మాలా సార్, బంకా? అంటుకుంటే వదల్ట్లేదు" అన్నాడు. తెల్లారి చూస్తే వరసల మధ్య బొటనవేలి గోరు దిగింది. ఈసారి కొలిమి చిట్టం పొడి ఎక్కువ వేశాం. గట్టిపడింది, కాకపోతే తట్టలో ఉండగానే.

ఈ రెండింటికీ మధ్య దారి కోసమే నానో సిలికా. దాని రేణువు మిల్లీమీటరులో పదివేలో వంతుకన్నా చిన్నది. గ్రాము పొడి ఉపరితలం పరిస్తే రెండు వందల చదరపు మీటర్ల దాకా వస్తుంది. అందుకే క్షారంలో చప్పున కరిగి, మామూలు ఎండకే చర్యను ముందుకు నెడుతుంది, సందుల్నీ పూడుస్తుంది. బూడిద బరువులో 1 నుంచి 3 శాతం చాలంటారు. ఎక్కువైతే ఉండకట్టి, మాలు బిర్రబిగిసి, బలం తగ్గుతుంది. నానో అల్యూమినా, టైటానియా, కార్బన్ నానోట్యూబులూ ప్రయత్నించారు. ట్యూబుల ధర వింటే మేస్త్రి తాపీ కింద పెట్టేస్తాడు.

'పర్యావరణహితం' అనే ముందు ఇంకో లెక్కుంది. ఇందులో వాడే సోడియం సిలికేట్‌ కోసం ఇసుకనూ సోడా యాష్‌నూ వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. నానో పొడి తయారీకీ కరెంటు కావాలి. ఈ లెక్క చూపకుండా సిమెంటుతో పోల్చే పట్టికల్ని నేను నమ్మను. అందుకే నా చూపు వరి ఊక మీద ఉంది. దాని బూడిదలో 90 శాతం దాకా సిలికాయే. మరీ వేడెక్కకుండా కాల్చి కాస్టిక్‌లో కరిగిస్తే సిలికేటూ, అందులోంచి నానో సిలికా కూడా వస్తాయి.

ఈ మాట చెబితే మేస్త్రి నవ్వాడు. "ఊక బూడిదా? మా ఊళ్లో దాంతో పళ్లు తోముకునేవాళ్లం సార్."