వీడియో చూస్తే వైరింగ్ వచ్చేస్తుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక కుర్రాడి తండ్రి మా వర్క్‌షాపుకు వచ్చి, "సార్, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, మళ్లీ ఇక్కడ రెండేళ్లు ఎందుకు?" అని అడిగాడు. నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో అంబత్తూరు దగ్గర స్థిరపడిన కుటుంబం. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. టీనేజీ పిల్లలకు ఎలక్ట్రీషియన్ పని నేర్పడం, అందుకోసం వీడియోలు తీయడం నా ఉద్యోగం. ఇలాంటి ప్రశ్నలు వారానికొకటి వస్తాయి.

అపోహ: శ్రద్ధగా చూస్తే పని వచ్చేస్తుంది.

వాస్తవం: చూస్తే ధీమా వస్తుంది. పని వేరు.

స్టెయిర్‌కేస్ వైరింగ్‌నే తీసుకోండి, అంటే ఒకే బల్బును మెట్ల కింద నుంచీ, పై నుంచీ వేసి ఆర్పేలా చేయడం. మెట్ల కింద ఒక టూ వే స్విచ్, పైన ఒకటి, మధ్యలో బల్బు. స్విచ్ వెనక మూడు టెర్మినళ్లుంటాయి, మామూలుగా నడిమిది కామన్, అంటే స్విచ్ నొక్కినప్పుడల్లా పక్క రెండింటిలో ఏదో ఒకదానితో కలిసేది. ఫేజ్, అంటే కరెంటు వచ్చే వైరు, కింది స్విచ్ కామన్‌లోకి రావాలి. పై స్విచ్ కామన్ నుంచి బల్బుకు వెళ్లాలి. పక్క టెర్మినళ్లను రెండు వైర్లతో కలపాలి. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, నేరుగా బల్బు హోల్డర్‌కు. వీడియోలో దీన్ని మూడుసార్లు చూపిస్తాను, అందరూ తలలూపుతారు. తీరా బోర్డు ముందు నిలబడ్డాక ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు కింది స్విచ్‌లో ఫేజ్‌ను పక్క టెర్మినల్‌కు బిగిస్తారు.

తమాషా ఏమిటంటే, అప్పుడు కూడా బల్బు వెలుగుతుంది. పై స్విచ్‌తో ఆర్పితే ఆరుతుంది, వేస్తే మళ్లీ వెలుగుతుంది. "సార్, అయిపోయింది!" అని కేక. "కిందిది ఆర్పి, పైనుంచి వెయ్యరా" అంటాను. వెలగదు. రెండు స్విచ్‌లకూ కలిపి నాలుగు స్థితులు. వైరింగ్ సరిగ్గా ఉంటే రెండింట్లో వెలగాలి, మావాడిదాంట్లో ఒక్కదాంట్లోనే వెలుగుతోంది. అప్పుడు ఫోన్ చేతికిస్తాను. అదే వీడియో, అదే రెండో నిమిషం. ఈసారి వాడి కళ్లు నడిమి స్క్రూ దగ్గర ఆగిపోతాయి. ఇందాక అది వాడికి కనపడనే లేదు.

అందుకే నేను వీడియోను ప్రాక్టికల్ ముందు ఒకసారి పైపైన చూపించి వదిలేస్తాను. తప్పు చేశాక మళ్లీ తీస్తాను. అమెరికాలో 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో డార్ట్‌లు విసిరే వీడియోను కొందరికి ఒక్కసారి, కొందరికి 20 సార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్లు తాము బాగా విసురుతామనుకున్నారు. విసిరాక చూస్తే వాళ్ల స్కోరేమీ మెరుగ్గా లేదు. మా పిల్లల సంగతీ అంతే.

అపోహ: వీడియో ఆరు నిమిషాలు దాటకూడదు.

ఈ లెక్క 2014లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి పాకింది. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి, జనం సుమారు ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదని తేల్చారు. అది కూర్చుని పాఠాలు వినేవాళ్ల సంగతి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నవాడు వీడియో "చూడడు", ఆపుకుంటూ ఆపుకుంటూ పని చేసుకుంటాడు. వాడికి ముఖ్యం నిడివి కాదు, ప్రతి మెట్టు దగ్గరా ఆపుకునే చోటు ఉండడం.

నిడివి పిచ్చిలో నేనూ ఒక తప్పు చేశాను. ఒక వీడియోలో మెయిన్ ఆపడం, టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకోవడం కలిపి ఇరవై సెకన్లుండేది. బోరు కొడుతోందని ఎడిటింగ్‌లో కత్తిరించాను. ఆ తర్వాతి వారం ఒక పిల్లవాడు మెయిన్ ఆపకుండానే బోర్డు విప్పి ఫేజ్ ముట్టుకున్నాడు. "వీడియోలో ఆపలేదు కదా సార్" అన్నాడు. కరెంటు నేలకు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ట్రిప్ అయింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఆ ఇరవై సెకన్లు ప్రతి వీడియోలోనూ ఉంటాయి, బోరు కొట్టినా సరే.

అపోహ: మంచి కెమెరా, మంచి మ్యూజిక్ ఉండాలి.

మ్యూజిక్ అసలొద్దు. స్క్రూ బిగుసుకునే చప్పుడు, స్విచ్ టిక్కుమనడం పిల్లలకు వినపడాలి. కెమెరా ఏదైనా ఫర్వాలేదు గానీ, ఎక్కడ పెట్టామన్నదే అసలు విషయం. నా మొదటి వీడియోల్లో ఎదురుగా పెట్టాను. నా కుడి చెయ్యి వాళ్లకు ఎడమవైపు కనపడి సగం మంది తికమకపడ్డారు. ఇప్పుడు భుజం మీదుగా తీస్తాం, పని చేసేవాడి కళ్లకు కనిపించినట్టే. బొటనవేలు టెర్మినల్‌కు అడ్డం రాకుండా చూసుకోవడమే పెద్ద తలనొప్పి.

అపోహ: అచ్చ తెలుగులో చెబితేనే అర్థమవుతుంది.

ఎర్త్‌ను "భూసంధానం" అంటే మావాళ్లు నా మొహం చూస్తారు. ఎర్త్, ఫేజ్, కటింగ్ ప్లేయర్, ఇవే వాళ్ల తెలుగు. ఇంకో సంగతి. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ పెరిగిన మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కాబట్టి తెలుగు అక్షరాలు తెర మీద వేసి సంబరపడితే లాభం లేదు. మాట తెలుగులో ఉండాలి, బొమ్మ మీది గుర్తులు స్విచ్ మీద ఉన్నట్టే ఉండాలి. గిండీలో ఉన్న నిమి సంస్థ ఐటీఐ పుస్తకాలు, వీడియోలు తయారుచేస్తుంది. మేం దాని బొమ్మలు ముందు పెట్టుకుని తెలుగులో మాట్లాడుకుంటాం.

చదువు రానివాళ్లకే ఈ కోర్సులన్నది ఇంకో అపోహ. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్ చాలదు. ఈ లెక్క రాకపోతే ఇల్లు అంటుకుంటుంది.

వీడియో చదువు కొత్తదేమీ కాదు. 1975-76లో నాసా ఉపగ్రహంతో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 2004లో శ్రీహరికోట నుంచి చదువుల కోసమే చేసిన ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. ఆ ప్రసారాలను పిల్లవాడు ఆపలేడు, వెనక్కి తిప్పలేడు. ఇప్పుడు ఆ మీట వాడి వేలి కిందే ఉంది. దాంతో నోరు నొప్పి పుట్టేలా చెప్పిందే చెప్పే పని నాకు తప్పి, ఇరవై బోర్డుల మధ్య తిరగడానికి టైం దొరికింది.

ఆ తండ్రిని వాళ్లబ్బాయి బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. వాడు ఫోన్ గోడకు ఆనించి, వీడియో ఆపి, వైరు తొక్క ఒలుస్తున్నాడు. కత్తి కాస్త లోతుగా దిగి రెండు రాగి పోగులు తెగాయి. "మళ్లీ కొయ్యి" అన్నాను. మళ్లీ తెగాయి. తండ్రి ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.