లేడీ మాక్‌బెత్ నిద్రలో ఎందుకు నడిచింది?

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో సేనాని మాక్‌బెత్, అతని భార్య కిరీటం కోసం రాజు డంకన్‌ను చంపుతారు. ఆ హత్య జరిగిన రాత్రి లేడీ మాక్‌బెత్ భర్తకు ధైర్యం చెబుతూ ఒక మాట అంటుంది: కాసిని నీళ్లతో కడుక్కుంటే ఈ పని మనల్ని వదిలిపోతుంది అని. అప్పటికి ఆమె చేతులూ నెత్తురుతో ఎర్రగానే ఉన్నాయి. మాక్‌బెత్ వణికిపోయి మళ్లీ ఆ గదిలోకి వెళ్లనంటే, బాకులు తీసుకెళ్లి కాపలావాళ్ల దగ్గర పెట్టి, వాళ్ల ముఖాలకు రక్తం పూసి వచ్చింది ఆమే. అదే మనిషి ఐదో అంకం మొదట్లో నిద్రలో నడుస్తూ, శుభ్రంగా ఉన్న చేతుల్ని రుద్దుకుంటూ కనిపిస్తుంది. ఒక్కోసారి పావుగంట సేపు అలాగే రుద్దుకుంటుందని పరిచారిక చెబుతుంది. ఇంకో నాలుగు రంగాలు దాటేసరికి ఆమె చనిపోయిందన్న కబురు వస్తుంది.

చేసిన పాపం ఊరికే పోదు అనుకుంటే నాటకం అర్థమైపోయినట్టే ఉంటుంది. కానీ ఆ పాపం మాక్‌బెత్ కూడా చేశాడు. పైగా ఆ తర్వాత మరిన్ని హత్యలు చేయించాడు, చివరిదాకా కత్తి పట్టుకుని పోరాడాడు. ఇద్దరిలో గట్టిది అనుకున్న మనిషే ముందు కుప్పకూలింది. కోరుకున్నది చేతికందాక చితికిపోయేవాళ్లకు ఉదాహరణగా 1916లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఈమెనే తీసుకున్నాడు, కానీ కారణం తేల్చలేకపోయాడు. ఆ తర్వాత వచ్చిన మనస్తత్వ శాస్త్రం, నిద్ర పరిశోధన చదివి నాటకం మళ్లీ తెరిస్తే, మామూలుగా దాటేసే మాటలు కూడా అతికినట్టు సరిపోతాయి.

ముందుగా ఆమె గుండె రాయి కాదు. మొదటి అంకంలో ఆమె దుష్టశక్తుల్ని పిలిచి, నాలోకి జాలి వచ్చే దారులన్నీ మూసేయండి అని వేడుకుంటుంది. లేని దారిని మూయమని ఎవరూ అడగరు. హత్య జరిగే వేళ, నిద్రపోతున్న ఆ ముసలాయన మా నాన్నలా కనిపించకపోతే నేనే పొడిచేసేదాన్ని అంటుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే ఐదో అంకంలో జరిగేది మనల్ని పెద్దగా ఆశ్చర్యపరచదు.

ఆమె ఎంచుకున్న ఉపాయం ఒక్కటే: ఆలోచించకుండా ఉండటం. ఇలాంటి పనుల గురించి ఇలా తలుచుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది అని భర్తను హెచ్చరిస్తుంది. 1987లో అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ ఈ ఉపాయాన్నే పరీక్షకు పెట్టాడు. తెల్ల ఎలుగుబంటి గురించి అయిదు నిమిషాలు అస్సలు ఆలోచించొద్దని, గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమని కొందరిని అడిగాడు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఇక ఆలోచించవచ్చు అని చెప్పినప్పుడు, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ల కంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. పడుకునే ముందు అణచిపెట్టిన ఆలోచనలు కలల్లోకి మరింత ఎక్కువగా వస్తాయని 2004లో ఆయన బృందమే చూపించింది. పగలంతా కాపలా కాసే మనసు రాత్రి కాపలా వదిలేస్తుంది. లేడీ మాక్‌బెత్ పక్కన ఎప్పుడూ దీపం వెలుగుతూ ఉండాలని ఆజ్ఞ. చీకటంటే ఆమెకు అంత భయం పట్టుకుంది. చీకటిని రమ్మని మొదటి అంకంలో పిలిచింది కూడా ఆమే.

అపరాధ భావం అంటే మనిషిని లోపల్నుంచి తినేసే పురుగు అని చాలామంది అనుకుంటారు. పరిశోధకులు దాన్ని అంత చెడ్డగా చూడరు. సిగ్గు నేను చెడ్డదాన్ని అంటుంది, అపరాధ భావం నేను చెడ్డ పని చేశాను అంటుంది అని 1971లో మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ విడదీసి చెప్పింది. సిగ్గు మనిషిని మొహం దాచుకోమంటుంది. అపరాధ భావం మాత్రం వెళ్లి క్షమాపణ అడుగు, నష్టం పూడ్చు, చెడిన బంధం సరిచేయి అని తోస్తుంది. ఏదో ఒకటి దిద్దుకోగలిగినప్పుడు దాని పని అయిపోతుంది, తగ్గుతుంది. దిద్దుకోవడానికి తావే లేనప్పుడు అది ఎటు పోతుంది? నా దృష్టిలో లేడీ మాక్‌బెత్ విషాదమంతా ఇక్కడే ఉంది. క్షమాపణ అడుగుదామంటే డంకన్ లేడు. నేరం ఒప్పుకుంటే తల పోతుంది, కిరీటం పోతుంది. మిగిలింది భర్త ఒక్కడే. ఆ రాత్రి నిజం తెలిసిన మనిషి లోకంలో అతనొక్కడే.

ఆ భర్త ఆమెకు దూరమైపోతాడు. మూడో అంకం రెండో రంగాన్ని నెమ్మదిగా చదవాలి. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, అంతా ఖర్చుపెట్టి ఏమీ దక్కించుకోలేకపోయాం అనుకుంటుంది. మాక్‌బెత్ లోపలికి రాగానే గొంతు మార్చేసి, అయిపోయిందేదో అయిపోయింది అని అతన్ని ఓదారుస్తుంది. తన బాధ అతనికి చెప్పనే చెప్పదు. అతను తన తోటి సేనాని బాంకో హత్యకు మనుషుల్ని పురమాయించి కూడా, పని పూర్తయ్యేదాకా నువ్వు తెలుసుకోవద్దు అని ముద్దుగా అంటాడు. మొదటి అంకంలో ఉత్తరం రాసి మరీ అన్నీ చెప్పిన మనిషి ఇతనే. విందులో బాంకో ప్రేతం కనిపించి అతను రంకెలు వేస్తుంటే ఆమె ఒక్కతే సర్దిచెప్పి అతిథుల్ని పంపేస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఆమె మెలకువగా మనకు కనిపించదు.

నిద్రనడక రంగాన్ని షేక్‌స్పియర్ పద్యంలో కాకుండా వచనంలో రాశాడు. అందులో ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒకటి, రెండు అని గంటలు లెక్కపెట్టి, ఇదే సమయం అంటుంది. ఆ ముసలాయనలో అంత నెత్తురుంటుందని ఎవరనుకున్నారు అంటుంది. మాక్‌బెత్ చంపించిన మాక్‌డఫ్ ప్రభువు భార్య గురించి, ఆమె ఇప్పుడెక్కడుంది అని అడుగుతుంది. లేడీ మాక్‌బెత్ తలపెట్టని హత్య కూడా ఆమె లెక్కలోకి వచ్చి చేరింది. 1785లో లండన్‌లో ఈ పాత్ర వేసిన సారా సిడన్స్, చేతులు కడుక్కోవడం బాగా కనపడాలని కొవ్వొత్తిని కింద పెట్టేసింది. అంతకుముందు నటీమణులు దాన్ని చేతిలోనే పట్టుకునేవారట.

ఆమెను గమనించడానికి వచ్చిన వైద్యుడు కళ్లు తెరిచే ఉన్నాయి కదా అంటే, అవును, చూపే మూసుకుపోయింది అంటుంది పరిచారిక. ఇంత సరైన వర్ణన 1606 ప్రాంతంలో రాసిన నాటకంలో ఉండటం నన్ను ఎప్పుడూ ముగ్ధుణ్ణి చేస్తుంది. నిద్రలో నడిచేవాళ్లు మామూలుగా గాఢనిద్రలోంచి సగం మేల్కొంటారు. 2000లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక కుర్రాడు నిద్రలో నడుస్తుండగానే అతని మెదడులో రక్తప్రసారాన్ని చిత్రించారు. భావోద్వేగాలతో, కదలికలతో ముడిపడిన కొన్ని చోట్ల రక్తప్రసారం పెరిగింది. తర్కం, విచక్షణ చూసుకునే ముందుభాగం మాత్రం నిద్రలోనే ఉంది. 2011లో ఫ్రాన్స్‌లో నిద్రలో నడిచే రోగులకు పడుకునే ముందు కొన్ని చేతి కదలికలు నేర్పించారు. వాళ్లలో ఒకరు నిద్రలో ఆ కదలికల్లో కొన్నిటిని మళ్లీ చేశారు. ఒక్కరితో అంతా రుజువైనట్టు కాదు గానీ, నిద్రనడకలో జ్ఞాపకం చేతుల్లోంచి బయటపడగలదని చెప్పడానికి చాలు.

చేతులు కడుక్కోవడం గురించి 2006లో ఒక అధ్యయనం బాగా పేరు పొందింది. చేసిన తప్పును గుర్తుచేసుకున్నవాళ్లు తుడుచుకునే కాగితాన్ని బహుమతిగా ఎక్కువగా ఎంచుకున్నారని అది చెప్పింది. దానికి మాక్‌బెత్ ప్రభావం అనే పేరొచ్చింది. తర్వాత ఇతరులు చేసిచూస్తే ఆ ఫలితం నిలవలేదు. అందుకని నేను దానిమీద ఆధారపడను. మనోవైద్యంలో స్టాన్లీ రాక్‌మన్ వర్ణించిన మానసిక మాలిన్యం ఆమెకు మరింత దగ్గరగా ఉంది. ఏ మురికీ తాకకపోయినా లోపల మైలపడ్డట్టు అనిపించడం, ఎంత కడిగినా అది పోకపోవడం దాని లక్షణాలు. మురికి చర్మం మీద లేదు కాబట్టి నీళ్లు దాన్ని చేరలేవు.

ఈమెకు వైద్యుడి కంటే మతగురువు అవసరం ఎక్కువ అంటాడు ఆ వైద్యుడు. యుద్ధంలో తమ మనస్సాక్షికి విరుద్ధమైన పనులు చేసిన సైనికుల బాధను ఇప్పుడు నైతిక గాయం అంటున్నారు. వాళ్ల కోసం రూపొందించిన ఒక చికిత్సలో, తాము గౌరవించే, తమ మేలు కోరే ఒక వ్యక్తిని ఊహించుకుని చేసిందంతా చెప్పుకోమంటారు. ఆ వ్యక్తి ఏమని బదులిస్తాడో కూడా వాళ్లనే పలకమంటారు. ఆపైన చేతనైన దిద్దుబాటు మొదలుపెట్టమంటారు. లేడీ మాక్‌బెత్ కూడా అంతా చెప్పేసింది. అయితే చెప్పిన సంగతి ఆమెకే తెలియదు. విన్నవాళ్లలో పరిచారిక, సాక్షి లేకుండా ఆ మాటలు తిరిగి చెప్పనంటుంది. వైద్యుడు, అనుకుంటున్నాను గానీ నోరు విప్పే ధైర్యం లేదు అంటాడు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక్క జాగ్రత్త చెబుతాడు: ఆమె తనకు తాను హాని చేసుకోగల వస్తువులన్నీ తీసేయండి, ఆమె మీద కన్నేసి ఉంచండి. హాని చేసుకునే సాధనాలు అందకుండా చేయడం ఆత్మహత్యల నివారణలో ఈనాటికీ గట్టి ఆధారాలున్న పద్ధతి. ఆ జాగ్రత్తను ఎంతవరకు పాటించారో నాటకం చెప్పదు. ఆమె తన చేతులతోనే ప్రాణం తీసుకుందని అనుకుంటున్నారన్న మాట మాత్రం నాటకం చివరి ప్రసంగంలో, డంకన్ కొడుకు, కొత్త రాజు మాల్కమ్ నోట వినిపిస్తుంది.